టైం లేక ఆపలేదు తమ్ముడూ

ఇది కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపిక పట్టండి. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి.

పోయిన నెల భద్రాచలంలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు మమ్మల్ని అడిగాడు. "అన్నా, మీరు హాస్టల్లో ఉన్నప్పుడు చేత్తో రాసి పత్రిక తీసేవాళ్లంట కదా, ఎందుకు ఆపేశారు?" ఆ రోజు మేము ఆరుగురం ఉన్నాం. ఆరుగురమూ ఒకే జవాబు చెప్పాం: "టైం లేక తమ్ముడూ." వాడు తలూపి వెళ్లిపోయాడు. వాడు వెళ్లాక మేము ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. ఎందుకంటే అది పచ్చి అబద్ధం.

మాలో ఇద్దరం టీచర్లం, ఒకరు స్టాఫ్ నర్సు, ఒకరు ఫారెస్టులో, ఒకరు సచివాలయంలో, ఒకరు ఊళ్లోనే వ్యవసాయం. ఈ పదకొండేళ్లలో క్రికెట్ చూడటానికి టైం దొరికింది. పెళ్లిళ్లలో తెల్లార్లూ కూర్చోవడానికి దొరికింది. ఎక్కడినుంచో ఒకడు మన అడవికొచ్చి, మన ఇప్పసారా గుక్కెడు తాగి, మొహం వంకర పెట్టి తీసుకున్న వీడియో చూడటానికి కూడా దొరికింది. రాయడానికి మాత్రం లేదంట.

తెలియని తమ్ముళ్ల కోసం నాలుగు మాటలు. 2009లో మొదలుపెట్టాం. లాంగ్ నోట్‌బుక్, ఒకే ఒక్క కాపీ. జిరాక్సుకు డబ్బులుండేవి కావు. మెస్సు దగ్గర ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడినప్పుడు చేతులు మారేది. శనివారం ఇంటికెళ్లేవాళ్ల సంచిలో కూనవరం, చింతూరు, వీఆర్ పురం తిరిగి సోమవారానికి వచ్చేది. వచ్చేటప్పటికి అంచుల మీద వేరే వాళ్ల రాతలు ఉండేవి. "ఇది తప్పు, మా ఊళ్లో విత్తనాల పండుం ఇట్లా చెయ్యరు" అని ఒకరు. కింద పూసుకుపోయిన పచ్చడి మరక. పప్పు నీళ్లగా ఉందని రాశాం, తునికాకు కట్టకు యాభై ఆకులు లెక్కపెట్టేటప్పుడు అమ్మ పాడే పాట ఏంటో రాశాం, మా ఊరి వాగుకి ఆ పేరు ఎట్లా వచ్చిందో తాతని అడిగి రాశాం. గొప్ప సాహిత్యం ఏం కాదు. కానీ అందులో ఉన్నదేదీ ఇంకెక్కడా లేదు.

2014 ఎండాకాలంలో ఆపేశాం. రాష్ట్రం విడిపోయింది. పోలవరం ముంపు పేరు మీద ఖమ్మం జిల్లాలోని 7 మండలాలు ఆంధ్రలో కలిశాయి. భద్రాచలం పట్నం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. అంటే హాస్టలు ఒక రాష్ట్రం, ఇల్లు ఒక రాష్ట్రం. నిన్నటిదాకా ఒకే గదిలో పడుకున్నవాళ్లం, ఒకడు లోకల్, ఒకడు నాన్ లోకల్ అయిపోయాం. జిల్లా ఆఫీసు అంటే ఒకప్పుడు ఖమ్మం, తర్వాత కాకినాడ, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చాక పాడేరు అయింది. మన ఊరు ఉన్నచోటే ఉంది, ఆఫీసులే ఊరేగాయి. ఇంతకంటే రాయాల్సిన విషయం ఇంకేముంటది? సరిగ్గా అప్పుడే కలం మూసేశాం. ఎందుకంటే డీఎస్సీ వస్తదన్నారు, గ్రూప్స్ వస్తదన్నారు. "ముందు ఉద్యోగం, తర్వాత రాతలు" అని ఒకరికొకరం చెప్పుకున్నాం. ఉద్యోగం వచ్చాక మాట మారింది. "ఉద్యోగం వచ్చింది కదా, ఇప్పుడు రాతలెందుకు?"

మేము దేన్ని పోగొట్టుకున్నామో చెప్పాలంటే జీవో 3 గురించి చెప్పాలి. తమ్ముళ్లలో సగం మందికి ఆ నంబరు నినాదంగానే తెలుసు. 2000 జనవరిలో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని. అంతకు ముందు 1986లోనే 275 నంబరు జీవో ఒకటి వచ్చి కోర్టుల్లో నలిగిపోయింది. సరే, కాగితం సంగతి అది. బడిలో ఏం జరిగిందో మేము చూశాం, ఎందుకంటే మేము ఆ కాలం పిల్లలమే.

మాలో ఒకరి ఊళ్లో ఒకటో తరగతికి మైదానం నుంచి వచ్చే మాస్టారు ఉండేవాడు. చెడ్డవాడేం కాదు. వానాకాలం వాగు దాటలేక రాడు, ఎండాకాలం ఎండకు రాడు, వచ్చిన రోజు తెలుగులో మాట్లాడతాడు. పిల్లలకు కోయ తప్ప ఇంకో మాట రాదు. ఒంటికి వెళ్లాలని తెలుగులో ఎట్లా అడగాలో తెలియక మావాడు బెంచీ కిందే తడుపుకున్నాడు. క్లాసంతా నవ్వింది. తర్వాతి రోజు నుంచి బడి ఎగ్గొట్టి గొడ్ల వెంట పోయాడు. రెండేళ్లు పోయాడు. తర్వాత పక్క ఊరి కోయ మాస్టారు అదే బడికి వచ్చాడు. మొదటి రోజే కోయలో అడిగాడు, "ఎవరికైనా బయటకి వెళ్లాలా?" అని. మావాడు మళ్లీ బడికొచ్చాడు. ఇప్పుడు వాడే టీచరు. మొత్తం కథ ఇంతే.

2020 ఏప్రిల్ 22న ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఆ జీవో చెల్లదని కొట్టేసింది. నూటికి నూరు శాతం రాజ్యాంగానికి విరుద్ధం, 50 శాతం హద్దు దాటకూడదు అని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను తీసెయ్యొద్దంది, మళ్లీ ఇలాంటి పని చెయ్యకూడదన్న షరతు మీద. లాక్‌డౌన్ రోజులు. మేము ఊళ్లలో ఇరుక్కున్నాం, సిగ్నల్ కోసం గుట్టెక్కి మెసేజ్ చదివాం. ఇరవై ఏళ్లపాటు ఉన్న జీవో అది. ఆ ఇరవై ఏళ్లలో దాని వల్ల ఒక పిల్లవాడు బడికి ఎట్లా తిరిగొచ్చాడో మనవాళ్లు రాసిన కాగితం కోసం వెతుక్కున్నాం. మాకు దొరకలేదు. ఎట్లా దొరుకుతది? ఆ పిల్లవాడు మా మధ్యే ఉన్నాడు, మేమే రాయలేదు.

మేము రాసి ఉంటే తీర్పు మారేదా? మారదు. అంత పిచ్చివాళ్లం కాదు. కోర్టులో నడిచింది శాతాల లెక్క, ఐదో షెడ్యూలు కింద గవర్నరు అధికారం ఎంతవరకు అనే లెక్క. కానీ తీర్పు వచ్చిన తర్వాత ధర్నాలో మైకు పట్టుకుని మనం ఏం మాట్లాడాం? "మా హక్కు, మా హక్కు" అన్నాం. ఉద్యోగం పోయిందని ఏడ్చాం. బెంచీ కింద తడుపుకున్న పిల్లవాడి గురించి ఒక్కరూ చెప్పలేదు. దాంతో బయటివాళ్లకి అది పోస్టుల గొడవలాగే కనబడింది. ఆ తప్పు కోర్టుది కాదు, పేపర్లది కాదు. మనది.

ఇంకో సంగతి. గిరిజనులను మనుషుల జూ లాగా, డాన్సులు చూసి ఆనందించడానికి ఉన్నవాళ్ల లాగా చూడకూడదని అదే తీర్పులో ఉంది. మాట బానే ఉంది. మరి ప్రతి ఆగస్టు 9న స్టేజీ ముందు కొమ్ములు కట్టుకుని, వానలో డోలు తడవకుండా పట్టుకుని, పెద్దవాళ్ల కారు వచ్చేదాకా గంటలు గంటలు నిలబడేది ఎవరు? మనమే. స్టేజీ మీద మాట్లాడేది ఎవరు? డాన్సుకి పిలిస్తే పోతాం. రాయమంటే మాత్రం టైం లేదంటాం.

2022 జులై. భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు, దాని మీద పద్దెనిమిది అడుగులు లెక్కేసుకోండి. శబరి, గోదావరి కలిసేచోట కూనవరం ఎట్లా మునిగిందో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మా నోట్‌బుక్కులన్నీ ఆ మండలంలోనే ఒకరి ఇంట్లో రేకు పెట్టెలో ఉన్నాయి. నీళ్లొస్తున్నాయని మేకల్ని తోలారు, బియ్యం మోశారు, ఆధార్ కార్డులు, పట్టా కాగితాలు సంచిలో వేసుకున్నారు. పెట్టె ఉండిపోయింది. వాళ్లని తప్పుపట్టే మొహం మాకు లేదు. ఎనిమిదేళ్లుగా మేమే పట్టించుకోని పెట్టెని వాళ్లెందుకు మోస్తారు? నీళ్లు తీశాక తెరిచి చూస్తే బురద ముద్ద. ఐదేళ్ల రాతల్లో చదవడానికి వచ్చేవి పదమూడు పేజీలు. మిగతావి జ్ఞాపకం మీద చెప్పుకోవాల్సిందే, ఇప్పటికే ఒకరు చెప్పింది ఇంకొకరితో కలవట్లేదు.

ఇక మనవాళ్లు చెప్పే సాకుల దగ్గరికి వద్దాం. ఇవన్నీ మేమూ చెప్పినవే, కాబట్టి కోపం తెచ్చుకోకండి.

ఉద్యోగస్తులు కాండక్ట్ రూల్స్ అంటారు. ప్రభుత్వ విధానాన్ని విమర్శించడానికి రూల్స్ అడ్డమే, ఒప్పుకుంటాం. అమ్మ తునికాకు కట్ట ఎట్లా కట్టిందో రాయొద్దని ఏ రూల్లో ఉంది? పండుం ముందు మామిడికాయ ఎందుకు తినకూడదో రాస్తే మెమో ఇస్తారా? అసలు సంగతి రూల్స్ కాదు. ఆఫీసులో పక్క సీటువాడికి మనం ఎవరిమో గుర్తు చెయ్యడం ఇష్టం లేదు. ఇంటి పేరు వినగానే వాడి కళ్లలో వచ్చే మార్పు మనకు తెలుసు. అందుకే మౌనం.

ఇంకొందరు "మాకు తెలుగు సరిగా రాదు" అంటారు. ఈ దెబ్బ మాకు గట్టిగానే తగిలింది. మా మొదటి సంచిక ఒక సారు చేతిలో పడితే ఎర్ర పెన్నుతో ఒత్తులన్నీ దిద్ది తిరిగిచ్చాడు. ఏం రాశామో ఒక్క మాట అనలేదు. వారం రోజులు ఎవరం పెన్ను ముట్టలేదు. ఇప్పుడు చెప్తున్నాం, ఒత్తు తప్పైతే దిద్దుకోవచ్చు. తాత చనిపోయాక వాగు పేరు ఎవరు దిద్దుతారు?

మూడో రకం పెద్ద మాటలవాళ్లు. "మన భాషకు మన లిపి వచ్చాక, మన భాషలోనే రాద్దాం" అంటారు. 2011 జనాభా లెక్కల్లో కోయని మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 4 లక్షల పైచిలుకు. లిపి కావాలి, కాదనం. కానీ ఆదిలాబాద్ గుంజాల సంగతి చూడండి. గోండి లిపిలో రాసిన పాత పుస్తకాలు ఆ ఊళ్లో ఇళ్లలో ఉన్నాయి కాబట్టే, ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. ఎవరో కాలం కింద రాశారు, ఎవరో దాచారు. 1940లలో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ ఇచ్చినప్పుడు గోండి వాచకాలు దేవనాగరిలో వేశారు, లిపి కోసం ఆగలేదు. కోయ మాటని తెలుగు అక్షరాల్లో రాస్తే కోయ మాట చచ్చిపోదు. రాయకపోతే మాత్రం ఏమవుతదో మన పిల్లల్ని చూస్తే తెలుస్తది. మా ఆరుగురి పిల్లల్లో నలుగురికి కోయ రాదు. ఇంగ్లీషు మీడియం ఫీజు కట్టిన రసీదులు మాత్రం భద్రంగా ఉన్నాయి.

తమ్ముళ్లకూ ఒక మాట. స్టేటస్‌లో విల్లు, బాణం పెట్టి "జై ఆదివాసీ" అంటే రాసినట్టు కాదు. ఇరవై నాలుగు గంటల్లో పోతది. మొన్న హాస్టల్లో ఒక పిల్లకు జ్వరమొస్తే ఎవరు ఆటో మాట్లాడారు, ఎన్ని గంటలకు, ఎంత తీసుకున్నాడు అని రాయి. తేదీ వెయ్యి. ఊరి పేరు వెయ్యి. నువ్వు రాయకపోతే డోలీ మోసిన ఫొటో ఒకటి పేపర్లో వస్తది, కింద "ఏజెన్సీలో దుస్థితి" అని రెండు లైన్లు ఉంటాయి, మోసిన నలుగురి పేర్లు ఉండవు. పీహెచ్‌డీ చేసే ఒకాయన మా ఊరికి ప్రశ్నల కాగితం పట్టుకొచ్చి రెండు రోజులుండి వెళ్లాడు. తర్వాత అచ్చయినదాంట్లో మా పండుం "వింత ఆచారం" అయింది. ఆయన్ని తిట్టుకున్నాం చాలా రోజులు. ఆయన కనీసం రాశాడు.

అందుకని మళ్లీ మొదలుపెడుతున్నాం. పెద్ద ప్రకటనలేం లేవు, నెలనెలా వస్తదని మాట ఇవ్వం, ఇచ్చి ఒకసారి తప్పాం. మొదటి సంచికలో ఆ పదమూడు పేజీలు ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తాం, ఒత్తులు దిద్దకుండా. బెంచీ కింద తడుపుకున్నవాడు తన కథ తనే రాస్తానన్నాడు, పేరు పెట్టాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాడు. నర్సు అక్క కాన్పుల వార్డు గురించి రాస్తానంది. 2014లో లోకల్ సర్టిఫికెట్ కోసం రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీ కథ మాకు కావాలి. ముంపు ఊళ్ల నుంచి కాలనీలకు వెళ్లినవాళ్లు పాత ఊళ్లో ఏ చెట్టు ఎవరి ఇంటి ముందు ఉండేదో రాసి పంపినా వేస్తాం. కోయలో రాసినా, తెలుగులో రాసినా, రెండూ కలిపి రాసినా సరే. ఈసారి మూడు కాపీలు చేస్తాం, మూడు వేరే వేరే ఊళ్లలో ఉంటాయి, ఒకటి గుట్ట మీది ఊళ్లో.

ఒక్క షరతు. స్కెచ్ పెన్నుతో గానీ ఇంకు పెన్నుతో గానీ రాయకండి. పెట్టెలో మిగిలిన పదమూడు పేజీలూ బాల్ పెన్నుతో రాసినవే.