రౌటర్ మార్చితే దారి తెరుచుకోదు

ఇంటికి సీసీ కెమెరాలు పెట్టించి, వాటి రికార్డింగులు దాచే డీవీఆర్‌ను బయటి నుంచి చూసుకుందామని, బయటి పిలుపును దానికి పంపే పోర్ట్ ఫార్వర్డింగ్ నియమం రౌటర్‌లో పెడతారు. అది పనిచేయకపోతే కారంచేడులోనైనా చీరాలలోనైనా ముందుగా వినిపించేది ఒకే మాట: ‘‘రౌటర్ చవకది, మంచిది కొనండి.’’ కొత్తది కొన్నా కుదరకపోతే రెండో మాట వస్తుంది: ‘‘డీఎంజెడ్ ఆన్ చేయండి, ఫైర్‌వాల్ ఆపేయండి.’’ మొదటి సలహాతో డబ్బు దండగ. రెండోది ఇంటికే ప్రమాదం.

పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్లు ఊళ్లో ఒంటరిగా మిగిలిన ఇళ్లకు ఆ కెమెరా ఒక ధైర్యం. అందుకే ఇంత చిన్న విషయాన్ని ఇంత గట్టిగా ఖండించాల్సి వస్తోంది.

సెట్టింగ్ సరిగ్గానే ఉంది కాబట్టి యంత్రమే చెడిందని ఈ సలహాలిచ్చేవాళ్ల వాదన. బయటి నుంచి వచ్చిన పిలుపు అసలు ఆ రౌటర్ దాకా వచ్చిందా అని మాత్రం ఎవరూ అడగరు. పొలం దగ్గర తూము ఎంత ఎత్తినా, పైన లాకులు మూసి ఉంటే నీళ్లు రావు. ఇక్కడ జరుగుతున్నదీ అదే.

కారణం ఇంటర్నెట్ అడ్రసుల కొరత. ఐపీవీ4 పద్ధతిలో ఉన్న మొత్తం అడ్రసులు సుమారు 429 కోట్లు. ప్రపంచ నిల్వలోని చివరి వాటాల పంపకం 2011 ఫిబ్రవరి 3న ముగిసింది. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏపీనిక్ దగ్గర ఏప్రిల్ 15 నాటికి ఆఖరి వాటా మాత్రమే మిగిలింది. మన ఊళ్లకు ఇంటింటికీ ఫైబర్ వచ్చింది ఆ తర్వాతే. ఏపీ ఫైబర్ తీగలు కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకు చేరి, నెలకు 149 రూపాయల కనెక్షన్ లాంఛనంగా మొదలైంది 2017 డిసెంబరులో. ఇంటికో పబ్లిక్ అడ్రసు ఇచ్చే కాలం అప్పటికే దాటిపోయింది. అందుకే నెట్ కంపెనీలు చాలాచోట్ల ఒకే పబ్లిక్ అడ్రసును ఎన్నో ఇళ్లకు కలిపి వాడుతున్నాయి. దీన్నే సీజీనాట్ అంటారు. బయటి పిలుపు కంపెనీ యంత్రం దగ్గరే ఆగిపోతుంది. ఏ ఇంటికి పంపాలో దానికి తెలియదు. మీ రౌటర్‌లో రాసిన నియమం దాని కంట పడదు.

దీన్ని తేల్చడానికి పైసా ఖర్చు లేదు. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ, అంటే రౌటర్‌కు బయటి వైపున్న అడ్రసు, చూడండి. అదే వైఫై మీద బ్రౌజర్‌లో మీ ఐపీవీ4 అడ్రస్ ఏమిటో వెతికి చూడండి. రెండూ ఒకటైతే తప్పు ఇంట్లోనే ఉండవచ్చు. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే అది సీజీనాటే. 2012 ఏప్రిల్‌లో ఆ వరసను ఈ పనికే కేటాయించారు. మొదటి చుక్కకు ముందు 10 ఉన్నా దాదాపు అంతే. 192.168తో మొదలైతే మాత్రం, గోడకున్న ఫైబర్ పెట్టె కూడా రౌటర్‌గా పనిచేస్తోందేమో చూడాలి. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించి మళ్లీ చూడండి.

‘‘మా బంధువుల ఇంట్లో ఇదే రౌటర్ పనిచేస్తోంది కదా’’ అంటారు. వాళ్లకు పబ్లిక్ అడ్రసు ఉండి ఉంటుంది. ‘‘డీడీఎన్ఎస్ పెడితే సరి’’ అంటారు. అది మారే అడ్రసుకు ఒక పేరు తగిలిస్తుంది, అంతే. లేని దారిని తేలేదు.

ఇంట్లో తప్పులు ఉండవని నేను అనడం లేదు. కరెంటు పోయి వచ్చాక డీవీఆర్ లోపలి ఐపీ మారిపోవచ్చు. రౌటర్‌లో దానికొక అడ్రసు ఖాయం చేస్తే ఆ బాధ తీరుతుంది. ఇంటి వైఫై మీదే ఉండి బయటి అడ్రసు కొట్టి చూసి, రావడం లేదని తేల్చేసేవాళ్లూ ఉన్నారు. చాలా రౌటర్లు లోపలి నుంచి అలా తిరిగి రానివ్వవు. మొబైల్ డేటా మీద చూడాలి. వీటిలో దేనికీ కొత్త రౌటర్ అక్కర్లేదు.

డీఎంజెడ్ సలహా మీద నాకు నిజంగా కోపం. డీవీఆర్‌ను అన్ని పోర్టులతో వీధిలో నిలబెట్టడమే అది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల సంఖ్యలో పట్టుకుంది. వాటితోనే అక్టోబరు 21న వెబ్‌సైట్ల పేర్లకు దారి చూపే డైన్ అనే సంస్థ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి తడబడ్డాయి. 2021 సెప్టెంబరులో హైక్‌విజన్ పరికరాల్లో బయటపడిన లోపానికైతే పాస్‌వర్డు కూడా అక్కర్లేదు. ‘‘సీజీనాట్ వెనక ఉన్నాం, ఏం కాదు’’ అనడమూ తప్పే. ఐపీవీ6 ఉన్న ఇంట్లో ప్రతి పరికరానికీ సొంత పబ్లిక్ అడ్రసు ఉండవచ్చు. అక్కడ ఫైర్‌వాల్ ఆపితే తలుపులన్నీ బార్లా తెరిచినట్లే. రేపు కంపెనీ పబ్లిక్ ఐపీవీ4 ఇచ్చిందంటే, అందరూ మరిచిపోయిన ఆ డీఎంజెడ్ ఆ రోజే పనిచేయడం మొదలుపెడుతుంది.

అసలు దారులు వేరే ఉన్నాయి. కంపెనీని స్టాటిక్ పబ్లిక్ ఐపీ అడగవచ్చు, దానికి సాధారణంగా అదనపు రుసుము ఉంటుంది. డీవీఆర్ తయారీదారు ఇచ్చే క్యూఆర్ కోడ్ యాప్ వాడవచ్చు, కాకపోతే ఆ కంపెనీ సర్వర్లను నమ్మాలి. నేను మేలనేది టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్. ఇంట్లో ఎప్పుడూ నడిచే ఒక చిన్న పరికరం నుంచి పిలుపు బయటికి వెళ్తుంది కాబట్టి సీజీనాట్ అడ్డు రాదు, రౌటర్‌లో ఏ పోర్టూ తెరవక్కర్లేదు.

కెమెరాల మనిషి కొత్త రౌటర్‌కు బిల్లు రాయబోతే, ముందు వాన్ ఐపీ చూపించమని అడగండి.