యాట రేటు, మాంసం రేటు

లింబాయత్‌లో మన తెలుగువాళ్లు ఆదివారం నలుగురు కూడితే వచ్చే మాట ఒకటే. "బతికున్న యాట కిలో నాలుగొందలు, దుకాణంలో మాంసం ఎనిమిదొందల యాభై. సగానికి సగం దోపిడీ!" అమ్మేవాడు ముస్లిం అయితే ఆ దోపిడీకి మతం కూడా అంటగడతారు. కరీంనగర్ నుంచి మగ్గాల పనికి వచ్చి, మీటరుకు ఇన్ని పైసలని కూలి లెక్కేసుకునే మనకు ఈ లెక్క రాదా?

రేట్లు రోజూ మారతాయి, లెక్క కోసం ఇవే అనుకుందాం. 20 కిలోల మేకపోతు 8000 రూపాయలు. కోస్తే మాంసం సుమారు 9 కిలోలు. మిగతాది తోలు, తల, కాళ్లు, రక్తం, పేగులు, పేగుల్లోని మేత, నీళ్లు. సంతకు తోలేముందు ఉప్పు పెట్టి నీళ్లు తాగించే ఘనులున్నారు. ఆ నీళ్లకూ కిలోకి 400 కడుతున్నాం! ఇప్పుడు 8000ని 9తో భాగించండి. కిలో 889 పడింది. అద్దె, కోసేవాడి కూలి, కరెంటు ఇంకా కలపలేదు. అంటే 850కి అమ్మేవాడికి మాంసం మీద నష్టమే. అతన్ని నిలబెట్టేది తలకాయ, కాళ్లు, బోటి. తోలు కూడా ఒకప్పుడు ఆదుకునేది, దాని ధర పడిపోయి ఏళ్లయింది.

నా మాట నమ్మనక్కర్లేదు. ఊళ్లో చేసినట్టు నాలుగిళ్లవాళ్లు కలిసి యాటను కొని, కోయించి, పోగులు వేసుకోండి. తరాజులో తూచండి. మేము ఒకసారి చేశాం. మిగిలింది ఏమీ లేదు, సగం రోజు పని పోయింది.

కోడి దగ్గర ఈ గోల ఉండదు, చూశారా? మన ఊళ్లలో లైవ్, స్కిన్, స్కిన్‌లెస్ అని మూడు రేట్లు బోర్డు మీదే రాసి ఉంటాయి. లెక్క అదే, అయినా అక్కడ దోపిడీ ఎవరికీ కనిపించదు.

2023లో హైకోర్టు కేసు తర్వాత సూరత్‌లోనూ లైసెన్సు లేని మాంసం దుకాణాలు మూయించారు. శుభ్రత అడగడం న్యాయమే. కాని ఆ ఖర్చు కూడా కిలో మీదే పడుతుంది.

అసలు బతికున్న జంతువే మాంసం కంటే ఖరీదయ్యే రోజులున్నాయి. ఒంటి మీద చంద్రవంక మచ్చ ఉందని బక్రీదుకు మేకను లక్షలు చెప్పే వార్తలు ఏటా చదువుతున్నాం. మన పోచమ్మకేమో మచ్చలేని నల్లపోతే కావాలి. మొక్కు ఉన్నవాడు బేరమాడడని అమ్మేవాడికి తెలుసు. ఆ మచ్చ తూకం ఎంత?

దోపిడీ అని అందరికంటే గట్టిగా అరిచినాయనే మొన్న ఆషాఢంలో నల్లపోతుకు మూడు వేలు ఎక్కువిచ్చి తెచ్చాడు. తూకం కూడా వేయించలేదు.