దాచిన గైడు ఎవరికి లాభం?



పరీక్షలు దగ్గరపడితే హాస్టళ్లలో రెండు మాటలు తరచుగా వినబడతాయి. ఒకటి "నేనేమీ చదవలేదురా". రెండోది "ఆ పాఠం రాదట, వదిలెయ్". మొదటి మాట అన్నవాడు రాత్రంతా దుప్పట్లో టార్చి పెట్టుకుని చదివి ఉంటాడు. రెండోవాడు ఆ పాఠాన్నే రెండుసార్లు తిరగేసి ఉంటాడు. గైడులో పేజీ చింపి పెట్టెలో దాచేవారూ, ఇంపార్టెంట్ ప్రశ్నలంటూ తప్పుడు చీటీ తిప్పేవారూ ఉన్నారు. దీన్ని తెలివి అని మెచ్చుకునేవాళ్లు కూడా ఉన్నారు గనుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఇది ఈనాటిది కాదు. మహాభారతం ఆదిపర్వంలో ద్రోణుడు నీళ్లు తెమ్మని శిష్యులకు సన్నమూతి కమండలాలు ఇచ్చి, కొడుకు అశ్వత్థామకు మాత్రం వెడల్పుమూతి కుండ ఇచ్చాడు. అది త్వరగా నిండుతుంది. మిగతావారు వచ్చేలోగా కొడుక్కి ప్రత్యేక పాఠం! అర్జునుడు కనిపెట్టి, వారుణాస్త్రంతో కమండలం నింపుకుని కుండతోపాటే వచ్చేశాడు. అదే అర్జునుడు, ఏకలవ్యుడు తనను మించాడని చూడగానే గురువు దగ్గర మొరపెట్టుకున్నాడు. బొటనవేలు పోయింది అడవిబిడ్డకే. (గిరిజన గురుకులాలకు పెట్టింది మాత్రం ఏకలవ్యుడి పేరే, అర్జునుడిది కాదు.)

పోటీ నిజమే కదా అంటారు. ఒప్పుకుంటాను. కాని లెక్క చూడండి. పదో తరగతిలో పక్క మంచంవాడు పాసయితే మన మార్కులు తగ్గవు. డీఎస్సీ లాంటి ర్యాంకు పరీక్షలో వాణ్ణి వెనక్కి నెడితే మహా అయితే ఒక్క ర్యాంకు కలిసొస్తుంది. మిగతా వేలమంది గైడులు మన పెట్టెలో పట్టవు. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబరు 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టివేసింది. నూటికి నూరు అన్న ఆ హామీ పోయాక మనలో మనం ఒకరినొకరు పడగొట్టుకుంటే ఏం మిగులుతుంది?

మన ముంచింగిపుట్టు వైపు ఇంకో సంగతి ఉంది. ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలకు పుస్తకం తెలుగులో ఉంటుంది. సారు చెప్పింది అందని తమ్ముడికి ఇంటి భాషలో విడమరచి చెప్పగలిగేది పక్క మంచం అన్నయ్యే. ఆ అన్నయ్యే "రాదట" అంటే తమ్ముడు నమ్మేస్తాడు, ఇంకెవరిని అడుగుతాడు?

అయితే నలభైమందికి ఒక్క గైడు ఉన్నచోట దాచుకోవద్దని పిల్లల్ని తిట్టి లాభం లేదు. పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి తెచ్చే శాలువాలు, మెమెంటోల డబ్బుతో తరగతికి నాలుగేసి గైడులు కొని స్టడీ అవర్‌లో బల్లమీద పెట్టిస్తే దాచే పనే చాలావరకు ఉండదు. వచ్చే ఏడాదికైనా ఇది చేయగలరా అని అన్నయ్యలను అడుగుతున్నాను.