పువ్వున్న పళ్ళెం, పువ్వులేని గిన్నె

నాగరికత ఎక్కడ మొదలైంది? బడిలో మనమంతా వల్లెవేసిన జవాబు ఒకటే: సుమేరు నగరాలలో, లిపితో. ఆ జవాబుతో నాకు చాలాకాలంగా ఒక పేచీ ఉంది. దానికి కారణం ఒక మట్టి పళ్ళెం.

1933లో మాక్స్ మాలోవన్ ఉత్తర ఇరాక్‌లో, మోసుల్ సమీపాన, అర్పచియా అనే చిన్న దిబ్బను తవ్వించాడు. ఆయన భార్య, రచయిత్రి అగాథా క్రిస్టీ కూడా వెంట ఉన్నారు. అక్కడ కాలిపోయిన ఒక ఇంటిలో పగిలిన పళ్ళేలు బయటపడ్డాయి. పెంకులను ఓపికగా అతికిస్తే నడుమ విచ్చుకున్న పువ్వు, దాని చుట్టూ గళ్ళు, ఎరుపు, నలుపు, తెలుపు వన్నెలు! హలాఫ్ సంస్కృతికి చెందిన ఈ పాత్రల వయస్సు ఏడువేల ఏళ్ళ పైమాటే. కుమ్మరి సారె ఇంకా పుట్టని కాలమది. పలుచని ఆ అంచును తీర్చినవి వట్టి చేతులే.

తరువాత ఉబైద్ కాలంలో నెమ్మదిగా తిరిగే సారె వచ్చింది. తిరిగే కుండకు కుంచె ఆనిస్తే చాలు, పట్టీ దానంతటదే పడుతుంది. క్రమంగా బొమ్మలు తగ్గి పట్టీలు మిగిలాయి. ఆపైన, క్రీస్తుపూర్వం నాలుగవ సహస్రాబ్దిలో, ఊరుక్ నగరపు ముతక గిన్నెలు వచ్చాయి. వేలకు వేలు, అన్నీ ఒకే తీరు. ఒక్కదానిమీదా చుక్క రంగు లేదు. పనివాళ్ళకు తిండి కొలిచి ఇచ్చేందుకు వాటిని వాడారని పలువురు పండితుల అభిప్రాయం. తొలి లిపిలో ‘తినుట’కు గుర్తు కూడా మనిషి తల, దాని పక్కన ఒక గిన్నె.

అంటే, లిపి రంగప్రవేశం చేసేవేళకు పువ్వు నిష్క్రమించింది. ఆ తొలి పలకల మీద ఉన్నవి కూడా కావ్యాలు కావు. అధికభాగం బార్లీ లెక్కలు, గొర్రెల లెక్కలు.

ముతక గిన్నెను నేను చులకన చేయడం లేదు. నగరమంతటికీ తిండి పెట్టడం సామాన్యమైన పని కాదు. నా అభ్యంతరమల్లా ఆ గిన్నెను నాగరికత అనీ, ఈ పళ్ళేన్ని దానికి ముందుమాట అనీ అనడం పట్లనే. వృత్తాన్ని సమభాగాలుగా పంచి, రేకులను లెక్క తప్పకుండా పేర్చి, ఆవంలో మంటను అదుపుచేసి, తాము తినే పళ్ళెంలో పువ్వు పూయించుకున్నవారు దేనికి ముందున్నట్లు? అక్షరం లేనిచోట ఆలోచన లేదనుకోవడం అక్షరాలు నేర్చిన మన అహంకారమే కాదా?

మీరేమంటారు?