ఎవరి పాలవుతోంది మన పౌరుషం?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! తెల్లవారుజామున ఐదింటికి మన గురజాల గ్రౌండ్‌కి ఎప్పుడన్నా వచ్చారా? చీకట్లో పదిహేనుమంది కుర్రాళ్ళు పరుగెడుతుంటారు. కొందరికి బూట్లుంటాయి, కొందరికి ఉండవు. 1600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొడితే అగ్నివీర్ ర్యాలీలో 60 మార్కులు, పది పుల్‌-అప్స్ తీస్తే ఇంకో 40. స్టాప్‌వాచ్ నా చేతిలో ఉంటుంది. ఆరు నెలల తేడాతో నాకు వయసు దాటిపోయింది, అందుకే పరుగెత్తే పని పోయి పరుగెత్తించే పని మిగిలింది. ఆ పదిహేనుమందిని చూస్తే కడుపు నిండుతుంది. అదే వేళకు దుప్పట్లో దూరి రీల్స్ తిప్పుతున్న మిగతావాళ్ళని తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది!

ఏం రీల్స్ అవి? మీసం మెలేసే రీల్స్. తొడ కొట్టే రీల్స్. వెనక 'పల్నాటి పౌరుషం' అంటూ ఓ పాట. పౌరుషమట! వందల ఏళ్ళుగా ఆ ఒక్క మాట మీద బతికేస్తున్నాం. కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్తాం, వీరుల ఆయుధాలకు దణ్ణం పెట్టుకుంటాం, తిరిగొస్తాం. ఏం నేర్చుకుని వస్తున్నాం? కోడిపందెం నేర్చుకున్నాం. పంతం నేర్చుకున్నాం. పల్నాటి యుద్ధంలో నాగులేటి ఒడ్డున అన్నదమ్ములే ఒకరినొకరు నరుక్కున్నారే, అది మాత్రం బాగా నేర్చుకున్నాం! కులాలన్నీ ఒకే చాప మీద కూర్చుని తిన్న చాపకూడు నేర్చుకోలేదు. మాల ఇంట పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు సేనాపతిని చేశాడని కథ వింటాం, ఇంటికొచ్చి కొత్తగా దిగినవాళ్ళది ఏ కులమని ఆరా తీస్తాం. సిగ్గుగా లేదూ?

మీలో ఎంతమందికి తెలుసు, ఈ దేశపు సైన్యం మొత్తానికి ఒక తెలుగువాడు అధిపతిగా ఉన్నాడని? జనరల్ కొటికలపూడి వెంకట కృష్ణారావు. 1923 జులై 16న పుట్టిన ఉత్తరాంధ్ర బిడ్డ. 1942 ఆగస్టులో, క్విట్ ఇండియా మంటలు రేగిన ఆ నెలలోనే, పంతొమ్మిదేళ్ళ వయసులో మహార్ రెజిమెంట్‌లో అధికారిగా చేరారు. ఆ రెజిమెంట్ ఎవరిదో తెలుసా? మహార్లది వీరజాతి కాదని బ్రిటిషువాడు పక్కకు నెట్టేస్తే, అంటరానివాళ్ళని మనవాళ్ళే దూరం పెడితే, అంబేద్కర్ పట్టుబట్టి గొంతెత్తాక 1941లో నిలబడ్డ రెజిమెంట్ అది. మన కన్నమదాసు ఆ రోజుల్లో ఉంటే అక్కడే ఉండేవాడు! కృష్ణారావు వాళ్ళతో కలిసి నడిచారు, తరవాత అందులోనే మూడో బెటాలియన్‌కు నాయకుడయ్యారు. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా, ఆపైన వాయవ్య సరిహద్దు, బలూచిస్తాన్, 1947-48లో కశ్మీర్. నేషనల్ డిఫెన్స్ అకాడమీ పురుడు పోసుకుంటున్న రోజుల్లో, పాతికేళ్ళు దాటీదాటకుండానే, అక్కడ పాఠాలు చెప్పారు. సైన్యాధిపతి కుర్చీలో కూర్చున్నది 1981 జూన్ 1న. లెక్కేయండి. దాదాపు ముప్పైతొమ్మిదేళ్ళు! మనకు ముప్పైతొమ్మిది సెకన్ల వీడియో అయిపోయేదాకా ఓపిక లేదు.

1971 చూడండి. బంగ్లాదేశ్ యుద్ధంలో సిల్హెట్ వైపు కదిలిన 8వ మౌంటెన్ డివిజన్ ఆయన చేతికింద ఉంది. డిసెంబర్ 7న అందులోని గూర్ఖా బెటాలియన్ ఒకటి హెలికాప్టర్లలో వెళ్ళి శత్రువు గుమ్మంలో దిగింది. మన సైన్యం అలా హెలికాప్టర్ల మీద యుద్ధంలోకి దిగడం అదే మొదటిసారి. దిగింది కొన్ని వందలమందే. ఎదురుగా వేలమంది! తిండికి కటకట, తూటాలు లెక్కపెట్టుకుని కాల్చాలి. వాళ్ళు తొడలు కొట్టలేదు. నోళ్ళు మూసుకుని, గుంటలు తవ్వుకుని, తొమ్మిది రోజులు కదలకుండా పట్టుకుని కూర్చున్నారు. వచ్చిందెంతమందో తెలియక అవతలివాళ్ళు ఒక బ్రిగేడే దిగిందనుకున్నారు. చివరికి సిల్హెట్‌లో ఆయుధాలు కింద పెట్టినవాళ్ళలో బ్రిగేడియర్లే ముగ్గురున్నారు. రెంటచింతల ఎండలో మిరప చేలు తడిపే మన నాన్నలకి ఈ ఓర్పు కొత్తా? మనకే కొత్త!

ఆయన జీవితంలో నాకు బాగా నచ్చిన ఘట్టంలో మాత్రం తుపాకి మోత లేదు. 1975లో సైన్యాన్ని రాబోయే పాతికేళ్ళకు ఎలా తయారుచేయాలో తేల్చమని వేసిన నిపుణుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. కాగితాలు, లెక్కలు, ట్యాంకులెన్ని, బళ్ళెన్ని. దీన్ని ఎవరూ సినిమాగా తీయరు. గెలుపు మాత్రం అక్కడే మొదలవుతుంది. యుద్ధాలు గెలిచినవాడు మళ్ళీ పుస్తకం ముందు కూర్చున్నాడు, ఇంటర్ తప్పినవాడు పుస్తకం అటకెక్కించి పార్టీ జెండా పట్టుకున్నాడు. ఇద్దరిలో పౌరుషం ఎవరిది?

ఇక అసలు మాట. పదవీ విరమణ తరవాత ఆయన జమ్ముకశ్మీర్‌కు రెండుసార్లు గవర్నర్‌గా వెళ్ళారు. 1995 రిపబ్లిక్ డే నాడు జమ్ము స్టేడియంలో ఆయన ప్రసంగిస్తుంటే బాంబులు పేలాయి, మనుషులు పోయారు. ఆయన వయసు 71. మూటాముల్లె సర్దుకుని ఇంటికి రాలేదు! మరుసటి ఏడాది, తొమ్మిదేళ్ళుగా అసెంబ్లీ ఎన్నికలే లేని ఆ నేల మీద, తుపాకుల నీడలోనే పోలింగ్ జరిగింది. 1998 దాకా ఆయన అక్కడే ఉన్నారు.

మరి మనం? ఏ ఉగ్రవాదీ లేని పల్నాడులో 2024 మేలో ఏం చేశాం? మన పోలింగ్ బూత్ మనమే పగలగొట్టాం. మన ఊళ్ళ మీద మనమే రాళ్ళు వేశాం. 144 సెక్షన్ తెచ్చుకున్నాం! ఎవరి కోసం? ఆ నాయకుల పిల్లలు ఎక్కడ చదువుతున్నారో కనుక్కోండి ఒకసారి.

నా స్టాప్‌వాచ్‌లో ఒక అంకె ఉంది. ఐదు నిమిషాల రెండు సెకన్లు. మా వీధి కుర్రాడిది, బూట్లు లేకుండా. నేను చూసినవాళ్ళలో వాడంత పరుగు ఎవరికీ లేదు. గొడవ రోజు ఎవరో పిలిస్తే కర్ర పట్టుకుని వెళ్ళాడు, అంతే. పేరు కేసులోకి ఎక్కింది. పోలీస్ వెరిఫికేషన్ దగ్గర ఆ ఒక్క కాగితం వాడి కాళ్ళు విరగ్గొట్టింది. ఇప్పుడు వాయిదాలకు తిరుగుతున్నాడు, బైండోవర్ సంతకాలు పెట్టొస్తున్నాడు. పిలిచినవాడు ఫ్లెక్సీలో నవ్వుతున్నాడు! ఇలా ఎన్ని కాళ్ళు పోయాయి మనవి? ఎన్ని ఐదు నిమిషాల రెండు సెకన్లు కోర్టు వరండాల్లో కూర్చుని ముసలివైపోతున్నాయి?

లేవండి! పరుగెత్తే కాళ్ళున్నవాళ్ళు లేవండి! అగ్నివీర్‌లో నాలుగేళ్ళయ్యాక నలుగురిలో ఒక్కరికే చోటు, ఆ సంగతి నాకూ తెలుసు, దాని మీద అడగాల్సిన ప్రశ్న గట్టిగానే అడుగుదాం. కానీ జవానుగానే ఎందుకు ఆగాలి? అధికారి కావడానికి ఇంటర్‌తో నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్ష రాయొచ్చని, డిగ్రీతో సీడీఎస్ పరీక్ష రాయొచ్చని మనకెవరు చెప్పారు? బళ్ళో చెప్పలేదు, ఇంట్లో తెలియదు. కృష్ణానది దాటితే సూర్యాపేట. గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబుది ఆ ఊరే. ఆయన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి ఆ దారినే వెళ్ళారు. చెల్లెళ్ళూ, 2022 నుంచి ఎన్‌డీఏ తలుపులు మీకూ తెరుచుకున్నాయి. నాయకురాలు నాగమ్మ రాజ్యం నడిపిన ఊరు మనది, మీరు గడప దగ్గరే నిలబడిపోతారా?

లెక్కలు రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చెప్పండి. ఇంగ్లీషంటే భయముంటే కలిసి కూర్చుని చదవండి. ఫ్లెక్సీకి చందా అడిగితే ఆ డబ్బు బూట్లు లేనివాడికి ఇవ్వండి. కర్ర పట్టుకు రమ్మని రాత్రి ఫోనొస్తే, పొద్దున పరుగుందని చెప్పి పెట్టేయండి!

రేపు ఐదింటికి నేను గేటు దగ్గరే ఉంటాను. ఆ కుర్రాణ్ణి కూడా రమ్మన్నాను. వాడు ముందు పరుగెడతాడు, ఎవరు అందుకుంటారో చూద్దాం. స్టాప్‌వాచ్‌కు కొత్త బ్యాటరీ వేశాను.