పొడవు గొట్టానికి సూటి ఎక్కువా?

పిస్తోలు గొట్టం పొడవైనకొద్దీ తూటా సూటిగా పోతుందని పలువురి నమ్మిక. కాని పిస్తోలును కదలకుండా బిగించి పేల్చి చూస్తే, పొట్టి గొట్టం కూడా తూటాలను దాదాపు అంత దగ్గరగానూ నాటుతుంది. చిక్కంతా మన కంటిది, చేతిది. గొట్టం కొసన ఒక గురిమొన, వెనుక ఒక గాడి ఉంటాయి. గురిచూచేవాడు వాటిని ఒకే వరుసలో నిలపాలి. వాటి ఎడం 200 మిల్లీమీటర్లయితే, అక్కడి ఒక్క మిల్లీమీటరు పొరపాటు 25 మీటర్ల దూరాన 125 మిల్లీమీటర్లవుతుంది. ఎడం 100 అయితే 250! నిదానంగా పేల్చే పోటీలో పది పాయింట్ల వలయం వ్యాసమే 50 మిల్లీమీటర్లు మరి. ఈ లాభం ఎవరికీ అదనంగా దక్కరాదని కాబోలు, 25 మీటర్ల పోటీలలో గొట్టం 153 మిల్లీమీటర్లు, గురుల ఎడం 220 మించరాదని అంతర్జాతీయ నిబంధన. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన విజయ్ కుమార్ రజతం గెలిచినది ఈ హద్దులలోనే.