పిండొద్దు... కోయొద్దు... దాచొద్దు!

మండుటెండలోనూ చున్నీ తీయదు. ఈతకు రమ్మంటే రాదు. ఇష్టంగా వెళ్లే డ్యాన్సు క్లాసూ మానేసింది. ఎందుకని అడిగితే కళ్లనీళ్లు. చివరికి ఓ రాత్రి అమ్మ పక్కన పడుకుని చెప్పింది ఆ పధ్నాలుగేళ్ల పిల్ల... 'అమ్మా, నాకు ఒకవైపే ఎదుగుతోంది' అని.

పిల్లల్లో రొమ్ము ఎదుగుదలలో కనిపించే తేడాలు చాలావరకు ప్రమాదం లేనివే. తెలియక మనం చేసే పనులతోనే అసలు చిక్కు.

పసికందుకు పాలు పిండొద్దు
పుట్టిన కొద్దిరోజులకు కొందరు పిల్లలకు రొమ్ములు ఉబ్బుతాయి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ! పాలచుక్కలూ రావచ్చు. తల్లి నుంచి అందిన హార్మోన్లే కారణం. కొన్ని వారాల్లో అదే తగ్గిపోతుంది. నీళ్లు పోసేటప్పుడు పిండితే చీము పట్టొచ్చు. లోపలి మొగ్గ దెబ్బతింటే రేపు ఆ రొమ్ము సరిగా ఎదగదు. ఎర్రబడినా, జ్వరం వచ్చినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

కొందరికి పుట్టుకతోనే చంక నుంచి గజ్జల దాకా ఎక్కడో ఒకచోట పుట్టుమచ్చలా అదనపు చనుమొన ఉంటుంది. ఇబ్బంది లేకపోతే దాన్ని వదిలేయొచ్చు.

మొగ్గను కోయొద్దు
8 నుంచి 13 ఏళ్ల మధ్య చనుమొన కింద చిన్న గడ్డలా చేతికి తగులుతుంది. మొదట ఒకవైపే రావచ్చు. అది రొమ్ము మొగ్గ. కంగారుపడి తీయిస్తే ఆ వైపు ఇక రొమ్ము ఎదగదు. అనుమానం ఉంటే ముందు డాక్టరు పరీక్ష, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేయించాలి.

తేడాను దాచొద్దు
రెండువైపులా కొద్దిపాటి తేడా మామూలే. ఎదిగేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది. తేడా బాగా ఎక్కువగా ఉంటే మాత్రం ఛాతీ కండరమూ, అదేవైపు చేతివేళ్లూ పరీక్షిస్తారు. పోలండ్ సిండ్రోమ్‌లో పుట్టుకతోనే ఒకవైపు ఛాతీ కండరం లోపిస్తుంది. వేళ్లు పొట్టిగా, అతుక్కుని ఉండొచ్చు. ఇది మగపిల్లల్లోనూ కనిపిస్తుంది. లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ పోలండ్ 1841లో దీన్ని వివరించాడు.

సర్జరీకి సాధారణంగా ఎదుగుదల పూర్తయ్యేదాకా, అంటే దాదాపు 18 ఏళ్ల వరకు ఆగమంటారు. ఆ తర్వాత శరీరంలోని కొవ్వుతోనో, ఇంప్లాంటుతోనో సరిచేస్తారు. అప్పటిదాకా ప్యాడ్ ఉన్న బ్రా చాలు. పిల్ల మరీ కుంగిపోతుంటే ముందుగానే ప్లాస్టిక్ సర్జన్‌ను కలవాలి.

ఆ అమ్మాయిని పరీక్షించిన డాక్టరు 'కండరం బాగానే ఉంది, ఎదగనిద్దాం' అన్నారు. తర్వాతి వారమే డ్యాన్సు క్లాసుకు బయల్దేరింది... చున్నీ నడుముకు బిగించి!